లెటర్‌హెడ్ ఒక ట్రేలో, తెల్ల కాగితం ఇంకో ట్రేలో: ఏ ట్రే అన్నది ఎక్కడ చెప్పాలి?

ఒక దస్తావేజు లేఖరి గారి ఆఫీసు నుంచి సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఏమండీ, స్టాంప్ పేపర్ మీద బిల్లు అచ్చయి వచ్చిందండీ. ఒకటి కాదు, రెండు!" అన్నారాయన.

వెళ్లి చూస్తే సంగతి ఇది. సేల్ డీడ్ మొదటి పేజీ కోసం ప్రింటర్ ముందు భాగంలో తెరుచుకునే చిన్న ట్రేలో వంద రూపాయల స్టాంప్ పేపర్లు మూడు పెట్టుకున్నారు. ప్రింట్ ఇంకా ఇవ్వలేదు. ఈలోగా పక్క టేబుల్ దగ్గర కుర్రాడు అకౌంట్స్ ప్రోగ్రామ్‌లోంచి రెండు పేజీల బిల్లు కొట్టాడు. అక్కడ ట్రే 'ఆటో'లో ఉంది. ప్రింటర్‌లో ఆ చిన్న ట్రేకి 'ఏ సైజైనా' అని ఉంది. ముందు ఏ కాగితం అందితే దాన్నే ప్రింటర్ లాగేసుకుంది. పోయింది రెండు వందలే అనుకోవడానికి లేదు. స్టాంప్ పేపర్ మీద ఎవరి కోసం కొన్నారో పేరు, తేదీ రాసి ఉంటాయి. మళ్లీ వెండర్ దగ్గరికి వెళ్లి, ఆ పేరు మీదే కొత్తవి తేవాలి. పార్టీ వాళ్లు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

చిన్న ఆఫీసుల కంప్యూటర్లు, ప్రింటర్లు చూసే పనిలో నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే సమస్య ఇదే. ప్రింట్ కొట్టే ప్రతిసారీ ట్రే సంగతి మనిషే గుర్తుపెట్టుకోవాలంటే, పని ఒత్తిడి ఉన్న రోజున అది తప్పకుండా తప్పుతుంది. ఒకసారి సెట్ చేసి వదిలేసే దారి చూసుకోవాలి. అలాంటి దారులు నాలుగైదు ఉన్నాయి. వాటిలో మీ పనికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

## ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి

ఒకే ఫైల్‌లో రెండు రకాల కాగితాలు కావాలా? మొదటి పేజీ లెటర్‌హెడ్ మీద, మిగతావి తెల్ల కాగితం మీద రావాలంటే ఒక దారి. ఫైల్ మొత్తం ఒకే కాగితం మీద వస్తే చాలనుకుంటే ఇంకో దారి.

ఎన్ని ప్రోగ్రాముల్లోంచి ప్రింట్ కొడతారు? వర్డ్ ఒక్కటే అయితే సులువు. వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్, పీడీఎఫ్ అన్నీ ఉంటే ఒక్కోదాంట్లో ట్రే సెట్ చేస్తూ కూర్చోలేం. కొన్నింట్లో ఆ ఎంపికే ఉండదు.

ఫైల్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తిరుగుతుందా? వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వెళ్లిన ఫైల్‌ని అక్కడ వేరే ప్రింటర్ మీద తీస్తే ట్రే నంబర్లు కలవకపోవచ్చు.

తప్పు ట్రేలోంచి వస్తే పోయేదేంటి? తెల్ల కాగితం పోతే బాధ లేదు. లెటర్‌హెడ్ పోతే కొంచెం నష్టం. స్టాంప్ పేపర్, చెక్కు, సర్టిఫికెట్ కాగితం పోతే ఆ రోజు పని ఆగిపోతుంది. చాలామంది ఈ ప్రశ్నను ఆఖర్న వేసుకుంటారు. నేను దీంతోనే మొదలుపెడతాను.

## ఏ దారి పట్టినా, ముందు ప్రింటర్ దగ్గర చేయాల్సిన పని

ఇది వదిలేస్తే కింద చెప్పేవేవీ నిలబడవు.

ముందుగా ట్రేల పేర్లు. హెచ్‌పీ లేజర్ ప్రింటర్లలో చాలావాటికి ట్రే 1 అంటే ముందు తెరుచుకునే మల్టీపర్పస్ ట్రే. కింద లాగే పెద్ద క్యాసెట్ ట్రే 2. బ్రదర్ ప్రింటర్లలో ఆ పెద్ద క్యాసెట్టే ట్రే 1, ముందున్నది ఎంపీ (మల్టీపర్పస్) ట్రే. కెనాన్‌లో డ్రాయర్, క్యాసెట్ అనే మాటలు కనిపిస్తాయి. ఒక కంపెనీ ప్రింటర్‌కి అలవాటుపడ్డవాళ్లు ఇంకో కంపెనీది కొన్నాక మొదటి వారం తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయి. ప్రతి ట్రే మీద చిన్న స్టిక్కర్ అంటించి, కంప్యూటర్‌లో కనిపించే పేరునే దాని మీద రాయండి.

తర్వాత ప్రింటర్ ప్యానెల్‌లో ఒక్కో ట్రేకి సైజు, కాగితం రకం పెట్టండి. ఏ4కి 210 × 297 మిల్లీమీటర్లు, లీగల్‌కి 8.5 × 14 అంగుళాలు. విలువైన కాగితం పెట్టే ట్రేకి 'ఏ సైజైనా, ఏ రకమైనా' అన్న సెట్టింగ్ ఉంచకండి. దస్తావేజు లేఖరి గారి ఆఫీసులో దెబ్బ తగిలింది అక్కడే.

ఇప్పుడు కంప్యూటర్ వైపు. అదనపు ట్రేని తర్వాత కొని తగిలించి ఉంటే డ్రైవర్‌కి, అంటే కంప్యూటర్‌లో ఆ ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి, ఆ సంగతి తెలియకపోవచ్చు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో డివైస్ సెట్టింగ్స్ ట్యాబ్ తెరిచి, ఆ ట్రే 'ఇన్‌స్టాల్డ్' అని ఉందో లేదో చూడండి. విండోస్ తనంతట తాను పెట్టుకున్న సాధారణ డ్రైవర్‌తో పని చేస్తుంటే ట్రేల జాబితా పూర్తిగా రాకపోవచ్చు. ప్రింటర్ కంపెనీ డ్రైవర్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఆఖరుగా కాగితం వాటం. తెల్ల కాగితం ఒకటి తీసుకుని పై అంచున పెన్సిల్‌తో బాణం గుర్తు, 'పైన' అన్న మాట రాసి ట్రేలో పెట్టండి. ఒక పేజీ ప్రింట్ తీయండి. అచ్చు ఏ వైపు పడింది, బాణం ఎటు తిరిగింది అన్నది చూస్తే లెటర్‌హెడ్ ఎలా పెట్టాలో తెలుస్తుంది. ముందు ట్రేకి, కింది క్యాసెట్‌కి వాటం వేరుగా ఉండొచ్చు. ఒక్కో ట్రేకి ఒక్కోసారి చేయండి.

## దారి 1: ప్రింట్ కొట్టేటప్పుడు ప్రాపర్టీస్‌లో మార్చడం

అందరికీ తెలిసినది ఇదే. కంట్రోల్, పీ నొక్కి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పేపర్ సోర్స్ దగ్గర ట్రే మార్చి ఓకే కొట్టడం. సెటప్ ఏమీ అక్కర్లేదు. నెలకోసారి కవర్ మీద అడ్రస్ ప్రింట్ చేసే ఇంటికి ఇదే చాలు.

రోజూ పదిసార్లు చేసే పనికి మాత్రం నేను దీన్ని ఒప్పుకోను. కొన్ని ప్రోగ్రాములు మార్చిన ట్రేని మూసేదాకా గుర్తుంచుకుంటాయి, కొన్ని తర్వాతి ప్రింట్‌కే మర్చిపోతాయి. ఏది ఎలా చేస్తుందో మనిషి గుర్తుపెట్టుకోలేడు.

క్రోమ్ బ్రౌజర్ చూపించే ప్రివ్యూలో ట్రే కనిపించకపోతే కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కండి. విండోస్ సొంత ప్రింట్ డైలాగ్ వస్తుంది, అక్కడ ప్రాపర్టీస్ ఉంటాయి. మ్యాక్‌లో ప్రింట్ విండోలోని పేపర్ ఫీడ్ భాగంలో మొదటి పేజీకి ఒక ట్రే, మిగతావాటికి ఇంకో ట్రే పెట్టుకోవచ్చు. దాన్ని ప్రీసెట్‌గా సేవ్ చేసుకుంటే ప్రతిసారీ వెతుక్కునే బాధ ఉండదు.

## దారి 2: ఫైల్‌లోనే ట్రే రాసిపెట్టడం

వర్డ్‌లో లేఅవుట్ ట్యాబ్, పేజ్ సెటప్ మూలన ఉన్న చిన్న బాణం, అందులో పేపర్ ట్యాబ్. అక్కడ రెండు జాబితాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఫస్ట్ పేజ్‌కి ఒకటి, అదర్ పేజెస్‌కి ఒకటి. మొదటిదాంట్లో లెటర్‌హెడ్ ట్రే, రెండోదాంట్లో తెల్ల కాగితం ట్రే ఎంచుకుని, ఆ ఫైల్‌ని టెంప్లేట్‌గా సేవ్ చేయండి. ఆ టెంప్లేట్‌తో రాసే ప్రతి ఉత్తరం మొదటి పేజీ ఇక లెటర్‌హెడ్ మీదే వస్తుంది.

ఆడిటర్ల ఆఫీసులకు, లాయర్లకు, స్కూళ్లకు నేను మొదట చూపించేది ఇదే. మెయిల్ మెర్జ్ చేసేవాళ్లకు, అంటే ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి చాలామందికి తీసేవాళ్లకు, ఇంకా మేలు. ఈ ట్రే ఎంపిక సెక్షన్‌కి, అంటే ఫైల్‌లో ఒక భాగానికి, అంటుకుని ఉంటుంది. మెర్జ్‌లో ఒక్కో ఉత్తరం ఒక్కో సెక్షన్‌గా తయారవుతుంది. అరవై మందికి రెండేసి పేజీల ఉత్తరాలు ఒకే దెబ్బకి కొట్టినా, ప్రతి ఉత్తరం మొదటి పేజీకి లెటర్‌హెడ్, రెండో పేజీకి తెల్ల కాగితం వస్తాయి.

ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఫైల్‌లో ట్రే రాసి ఉంటే ప్రింట్ డైలాగ్‌లో మీరు మార్చిన ట్రేని వర్డ్ పట్టించుకోకపోవచ్చు. "ప్రాపర్టీస్‌లో ట్రే 3 పెట్టినా ట్రే 2లోంచే వస్తోంది" అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఆ పేపర్ ట్యాబే. ఫైల్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, ప్రింట్ భాగంలో డిఫాల్ట్ ట్రే అని ఇంకో సెట్టింగ్ ఉంది. అక్కడా ఒకసారి చూడండి.

రెండోది పెద్దది. వర్డ్ ట్రే పేరు దాచుకోదు, నంబర్ దాచుకుంటుంది. విండోస్‌లో పై ట్రేకి 1, కింది ట్రేకి 2, మాన్యువల్ ఫీడ్‌కి 4, ఆటోకి 7 అని కొన్ని నంబర్లు అందరికీ ఒకటే. 256, ఆపైన ఉన్నవి మాత్రం ఒక్కో డ్రైవర్ తన ఇష్టప్రకారం వాడుకునేవి. మీ ప్రింటర్‌లో లెటర్‌హెడ్ ట్రే 259 అయితే, ఇంకో ప్రింటర్‌లో 259 ఏ ట్రేనో, అసలు ఉందో లేదో చెప్పలేం. ఒక ఆఫీసులో పాత ప్రింటర్ తీసేసి కొత్తది పెట్టిన మర్నాడు నేను అక్కడే ఉన్నాను. ఉత్తరాలు ఒక్కొక్కటే వేడివేడిగా బయటికి వస్తున్నాయి, అన్నీ తెల్ల కాగితం మీదే. టెంప్లేట్‌ తెరిచి ట్రేలు మళ్లీ ఎంచుకుని సేవ్ చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కానీ ఆ పని ప్రింటర్ మార్చిన రోజే చేసి ఉండాల్సింది.

లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఇదే పని పేజ్ స్టైల్‌తో చేస్తారు. ఫస్ట్ పేజ్ అనే స్టైల్‌కి ఒక ట్రే, డిఫాల్ట్ స్టైల్‌కి ఇంకో ట్రే పెట్టి, మొదటిదాని తర్వాత రెండోది రావాలని చెబితే సరి. ఎక్సెల్‌లో ఇలా ఫస్ట్ పేజ్, అదర్ పేజెస్ జాబితాలు లేవు. ఎక్సెల్ వాడేవాళ్లు కింది దారి చూడండి.

## దారి 3: ఒకే ప్రింటర్‌కి రెండు పేర్లు

నాకు బాగా నచ్చిన దారి ఇది. టేబుల్ మీద ఉన్నది ఒకటే ప్రింటర్. కంప్యూటర్‌లో మాత్రం దాన్ని రెండుసార్లు పెడతాం. ఒకటి 'లెటర్‌హెడ్', ఇంకోటి 'తెల్ల కాగితం'. ఒక్కోదాని ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఒక్కో ట్రే పెట్టి వదిలేస్తాం. ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్‌లోనైనా ట్రే కోసం వెతకక్కర్లేదు, ప్రింటర్ పేరు ఎంచుకుంటే చాలు. ట్రే అనే మాటే తెలియని పాత బిల్లింగ్ ప్రోగ్రామ్‌కి కూడా ప్రింటర్ పేరు ఎంచుకోవడం తెలుసు.

చేసే పద్ధతి: విండోస్ సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్లి కొత్త ప్రింటర్‌ని చేతితో చేర్చే మార్గం ఎంచుకోండి. లోకల్ ప్రింటర్ అనండి. ఇప్పటికే ఉన్న పోర్టుల్లో (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కి పని వెళ్లే దారులు) మీ ప్రింటర్ వాడుతున్న పోర్టునే చూపించండి. డ్రైవర్ కూడా ఉన్నదే ఉంచండి. పేరు అడిగినప్పుడు ఆ ప్రింటర్‌తో చేసే పని పేరు పెట్టండి. 'ట్రే 2' అని పెడితే రేపు కొత్తగా చేరినవాళ్లకు అందులో ఏ కాగితం ఉందో తెలియదు. 'లెటర్‌హెడ్' అంటే అందరికీ తెలుస్తుంది.

ఇక్కడ మూడు విషయాలు తప్పకుండా చూసుకోండి. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ ఒక్క యూజర్‌కే వర్తిస్తాయి. ఆ కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు వేర్వేరు లాగిన్‌లతో పని చేస్తుంటే, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో ట్రే పెట్టాలి. రెండోది, 'డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకుంటుంది' అన్న సెట్టింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. పొద్దున లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కొట్టారనుకోండి, మధ్యాహ్నం బిల్లులన్నీ లెటర్‌హెడ్ మీదే వస్తాయి. మూడోది, 'తెల్ల కాగితం' పేరుకి ట్రేని ఆటోలో వదలకండి, కచ్చితంగా ఆ క్యాసెట్టే పెట్టండి.

లోటు ఒక్కటే. ఒకే ఫైల్‌లో మొదటి పేజీ ఒక కాగితం, మిగతావి ఇంకో కాగితం కావాలంటే రెండు విడతలుగా ప్రింట్ ఇవ్వాలి. కొన్ని డ్రైవర్లలో కవర్ పేజీకి, అంటే మొదటి పేజీకి, వేరే ట్రే పెట్టే వీలుంటుంది. మీ డ్రైవర్‌లో అది ఉంటే 'లెటర్‌హెడ్' పేరులోనే దాన్ని కూడా సెట్ చేసేయండి, ఈ లోటూ తీరిపోతుంది.

లైనక్స్‌లో కప్స్ (CUPS) అనే ప్రింటింగ్ వ్యవస్థ వాడేవాళ్లు ప్రింటర్‌ని రెండోసారి పెట్టక్కర్లేదు. ఎల్‌పీ ఆప్షన్స్ (lpoptions) కమాండ్‌తో అదే ప్రింటర్ పేరు తర్వాత ఏటవాలు గీత (/) పెట్టి 'ఇన్‌స్టాన్స్' ఒకటి తయారుచేసి, దానికి ఇన్‌పుట్ స్లాట్‌గా కావాల్సిన ట్రే ఇస్తే సరిపోతుంది.

## దారి 4: సైజుని బట్టి ప్రింటర్‌నే తేల్చుకోమనడం

ఒక ట్రేలో ఏ4, ఇంకోదాంట్లో లీగల్ ఉండి, రెండూ వేర్వేరు పనులకైతే ట్రే గొడవే వద్దు. పేజీ సైజు సరిగ్గా పెడితే ప్రింటర్ ఆ సైజు ఉన్న ట్రే చూసుకుంటుంది. విండోస్ డివైస్ సెట్టింగ్స్‌లో ఏ సైజు ఏ ట్రేలోంచి రావాలో చెప్పే జాబితా కూడా ఉంటుంది. అడోబ్ రీడర్‌లో పేజీ సైజుని బట్టి పేపర్ సోర్స్ ఎంచుకోమనే టిక్కు ఒకటి ఉంది. ఏ4, లీగల్ పేజీలు కలిసిన పీడీఎఫ్‌లకు అది చాలా పనికొస్తుంది.

లెటర్‌హెడ్, తెల్ల కాగితం రెండూ ఏ4 అయితే ఇది కుదరదు. అప్పుడు సైజు బదులు కాగితం రకంతో నడపాలి. ట్రేకి 'లెటర్‌హెడ్' రకం అని ప్రింటర్‌లో చెప్పి, డ్రైవర్‌లోనూ అదే రకం ఎంచుకోవాలి. రెండు చోట్లా ఒకే మాట లేకపోతే ప్రింటర్ కాగితం పెట్టమని అడుగుతూ ఆగిపోతుంది.

## దారి 5: మాక్రో, కోడ్

సొంతంగా బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసుకున్నవాళ్లకు, రోజూ వందల కాగితాలు తీసే చోటుకి ఇది. వర్డ్ మాక్రోలో (వర్డ్ చేత పనులు వాటంతటవే చేయించే చిన్న కోడ్) ఫస్ట్ పేజ్ ట్రే, అదర్ పేజెస్ ట్రే అనే రెండు ప్రాపర్టీలున్నాయి. వాటికి ఇవ్వాల్సిన నంబర్ తెలుసుకోవాలంటే మాక్రో రికార్డర్ ఆన్ చేసి, పేజ్ సెటప్‌లో చేత్తో ట్రే ఎంచుకుని, రికార్డ్ అయిన కోడ్ తెరవండి. నంబర్ అక్కడే కనిపిస్తుంది. డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) ప్రోగ్రామ్ రాసేవాళ్లు ప్రింటర్ ఇచ్చే పేపర్ సోర్స్‌ల జాబితా తీసుకుని, అందులో ట్రేని పేరుతో వెతికి పట్టుకోండి. నంబర్‌ని కోడ్‌లో గట్టిగా రాసేస్తే ప్రింటర్ మార్చిన రోజున మళ్లీ మొదటికి వస్తారు. పీడీఎఫ్‌లు వరసగా ప్రింట్‌కి పంపేవాళ్లు సుమత్రా పీడీఎఫ్ అనే రీడర్ కమాండ్ లైన్‌లో 'బిన్' అనే ఆప్షన్‌తో ట్రే చెప్పొచ్చు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | మొదటి పేజీకి వేరే ట్రే | పనిచేసే ప్రోగ్రాములు | వేరే కంప్యూటర్‌కి వెళితే | రోజూ గుర్తుపెట్టుకోవాల్సింది |
|---|---|---|---|---|
| ప్రింట్ డైలాగ్ | డ్రైవర్‌లో ఉంటేనే | దాదాపు అన్నీ | మళ్లీ మొదటి నుంచి | ప్రతి ప్రింట్‌కీ ట్రే |
| ఫైల్‌లోనే ట్రే | సులువు | వర్డ్, రైటర్ | ఫైల్‌తో వెళ్తుంది, నంబర్ కలవకపోవచ్చు | ఏమీ లేదు |
| రెండు పేర్లు | రెండు విడతలు | అన్నీ | అక్కడా పెట్టుకోవాలి | ప్రింటర్ పేరు |
| సైజుని బట్టి | సైజులు వేరైతే | చాలావరకు అన్నీ | ప్రింటర్ అదే అయితే ఇబ్బంది తక్కువ | పేజీ సైజు |
| మాక్రో, కోడ్ | అవుతుంది | రాసినదానికే | రాసిన తీరుని బట్టి | ఏమీ లేదు |

## ఎవరికి ఏది

ఆడిటర్ ఆఫీసు, లాయర్ ఆఫీసు అయితే ఉత్తరాలకు వర్డ్ టెంప్లేట్‌లోనే ట్రే, మిగతా ప్రోగ్రాములకు రెండు పేర్లు. రెండూ కలిపి వాడినా గొడవ లేదు. రెండు పేర్లకూ డ్రైవర్ ఒకటే కాబట్టి నంబర్లు కలుస్తాయి. కాగితం రెండు వైపులా ప్రింట్ తీసేవాళ్లు మాత్రం ముందు ఒక ఉత్తరం తీసి చూడండి. రెండో పేజీ లెటర్‌హెడ్ వెనక పడుతుందా, కొత్త కాగితం మీద వస్తుందా అన్నది డ్రైవర్‌ని బట్టి ఉంటుంది.

క్లినిక్, షాపు, స్కూల్ ఆఫీసు లాంటి చోట్ల ప్రోగ్రాములు ఎక్కువ, కూర్చునే మనుషులు మారుతుంటారు. అక్కడ రెండు పేర్ల పద్ధతికి మించింది నేను చూడలేదు.

ఇంట్లో, చిన్న జిరాక్స్ షాపులో ఒకే ట్రే ఉన్న ప్రింటరైతే ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మన దగ్గర చాలా చోట్ల కనిపించే కెనాన్ ఎల్‌బీపీ2900కి 150 కాగితాలు పట్టే ట్రే, దాంతోపాటు ఒక్కో కాగితం పెట్టే మాన్యువల్ స్లాట్ ఉన్నాయి. అలాంటిదాన్నీ రెండు పేర్లతో పెట్టుకోవచ్చు. ఒక పేరుకి మాన్యువల్ ఫీడ్ అని ఉంచితే కవర్లు, సర్టిఫికెట్లు దాని మీద తీయొచ్చు.

స్టాంప్ పేపర్‌కి మాత్రం నాది ఒకటే మాట: మాన్యువల్ ఫీడ్. దస్తావేజు లేఖరి గారి ఆఫీసులో ఆ రాత్రి చేసింది చెబుతాను. కింది రెండు క్యాసెట్లలో ఒకదానికి ఏ4, ఇంకోదానికి లీగల్ అని ప్రింటర్ ప్యానెల్‌లో పెట్టాం. ముందు ట్రేకి ఉన్న 'ఏ సైజైనా' తీసేసి లీగల్ చేశాం. అకౌంట్స్ ప్రోగ్రామ్‌కి 'బిల్లులు' అనే పేరుతో వేరే ప్రింటర్ పెట్టి, దాన్ని ఏ4 క్యాసెట్‌కి కట్టేశాం. సేల్ డీడ్ టెంప్లేట్‌లో మొదటి పేజీకి మాన్యువల్ ఫీడ్, మిగతా పేజీలకు లీగల్ క్యాసెట్, అందులో లెడ్జర్ పేపర్ అనే మందపాటి కాగితం.

ఇప్పుడు ఆయన ముందు ట్రే ఖాళీగా ఉంచుతారు. ప్రింట్ ఇచ్చాక ప్రింటర్ ఆగి, కాగితం పెట్టమని ప్యానెల్ మీద అడుగుతుంది. అప్పుడు సొరుగులోంచి స్టాంప్ పేపర్ తీసి, పార్టీ పేరు ఒకసారి పైకి చదివి, ముద్ర ఉన్న వైపు సరిచూసుకుని పెట్టి, బటన్ నొక్కుతారు.